చూపించని ఫోటో

మా జేజి చనిపోయినప్పుడు దినాల ఫ్లెక్సీకి మంచి ఫోటో దొరకలేదు. కర్నూలు దగ్గర మా ఊళ్లో ఫ్లెక్సీ లేకపోతే మనిషి పోయినట్టు కూడా లెక్క కాదు. అప్పుడు తెలిసింది, చెల్లి ఫోన్లో ఒకటుందని. తలంటుకుని, మిద్దె మీద జుట్టు ఆరబెట్టుకుంటూ నవ్వుతోందట. "మొగోళ్లకెవురికీ చూపియ్యాకు మే" అని జేజి అప్పుడే చెప్పిందట. చెల్లి నాకూ చూపించలేదు.

ఆ కోపంలో ఉండగానే మిసెస్ కెన్నీ-లెవిక్ గురించి చదివాను. 1892లో లాలా దీన్ దయాళ్ హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫోటోగ్రాఫర్ ఆయన. పరదా పాటించే ఆడవాళ్ల కోసం పెట్టిన స్టూడియో అది. చుట్టూ ఎత్తైన గోడలు, మగాళ్లకి ప్రవేశం లేదు. కెమెరా వెనక ఈ ఇంగ్లిష్ ఆవిడ.

మొదట జాలేసింది. చరిత్రలో నిలిచింది భర్త ఇంటిపేరు, స్టూడియోకేమో యజమాని పేరు. హోమాయ్ వ్యారవల్లా ఫోటోలు కూడా మొదట్లో భర్త పేరుతోనే అచ్చయ్యాయి. కానీ ఆమెవి పదిమంది చూడాలనే తీసినవి. తర్వాత ఆ పేరు ఆమెకి దక్కింది, 2011లో పద్మవిభూషణ్ కూడా వచ్చింది.

కెన్నీ-లెవిక్ సంగతి అలా తేల్చేయలేం. ఆవిడ పేరు ఆవిడకివ్వడం న్యాయమే. మరి ఫోటోలు? బయటికి రావనే నమ్మకంతోనే కదా ఆ బేగంలు కెమెరా ముందు కూర్చున్నారు! ఆ నమ్మకం లేకపోతే ఆవిడకి కెరీరే లేదు. ఇవాళ ఆ ఫోటోలు పెట్టి ఎగ్జిబిషన్ చేస్తే ఫోటోగ్రాఫర్‌ని గౌరవిస్తున్నామా, ఆవిడ మాట తప్పిస్తున్నామా? వందేళ్లు దాటితే మాట చెల్లదా? (కాపీరైట్‌కి గడువుంది. సిగ్గుకి ఎవరు పెట్టారు?) ఆర్కైవ్ అనగానే తెరవాలనిపించే మాలాంటి సాఫ్ట్‌వేర్ బుర్రలకి ఈ ప్రశ్న తట్టడానికే టైం పడుతుంది.

వాళ్లని దాచిన పరదాని నేను వెనకేసుకురావట్లేదు. బయటికి రావద్దన్నది ఎవరో. కానీ లోపల ఎవరి ముందు నవ్వాలో మాత్రం వాళ్లే ఎంచుకుని ఉండొచ్చు. ఆ కాస్తని కూడా మన కుతూహలం కోసం లాక్కోవాలా?

"చనిపోయింది కదా, ఇప్పుడు చూపిస్తే ఏమైతాది?" అని చెల్లినడిగాను.

"నీకెందుకు?" అంది.

ఫ్లెక్సీ మీద ఆధార్ ఫోటోనే వేయించాం. అందులో జేజి ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుంటుంది.