వాకిలి లేని ఇంద్రియములు

కంటికి రెప్ప కలదు. నాలుకకు పెదవులు కావలి. చెవికిని ముక్కునకును అట్టి వాకిలి లేదు; నిద్రయందును అవి తెరచియే యుండును. చేతులతో మూసికొనుట ఎంతసేపు? మరి ఈ రెండింటి విషయమున నిగ్రహ మెవరి ధర్మము?

న్యాయవైశేషికులు ఘ్రాణము పార్థివమనియు, శ్రోత్రము ఆకాశరూపమనియు నిర్ణయించిరి. నీటి యలలవలె ఒక శబ్దము మరియొక శబ్దమును పుట్టించుచు చెవిని చేరునని వారి వీచీతరంగన్యాయము. నేటి శాస్త్రజ్ఞులును శబ్దము గాలిలో తరంగములుగా వచ్చి కర్ణభేరిని కదలించు ననుచున్నారు. ఆ కదలికను మూడు చిన్న యెముకలు లోపల నత్తగుల్లవంటి భాగమున కందించును. అచ్చటి సుమారు 15,000 రోమకణములు దానిని నాడులకు తెలుపును. వాసన మార్గము వేరు. పుష్పమునుండి వెలువడిన అణువులు నాసికలోని సుమారు 400 విధములైన గ్రాహకములను తాకును. వాని జన్యువులను 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనువారు 2004లో నోబెల్ బహుమానము నందిరి.

ఇచ్చట నొక భేదము గమనింపదగినది. ఘ్రాణకణములు నశించినను మరల పుట్టుచుండును. మానవుని చెవిలోని రోమకణములు నశించినచో మరల మొలవవు.

కావున శబ్దవిషయమున నిగ్రహము వినువానికన్న ముందు వినిపించువానికి ధర్మమగుచున్నది. నవవిధభక్తులలో మొదటిది శ్రవణము. ఉత్సవవేళ లౌడుస్పీకర్ల హోరుతో పసివారి చెవులను చెరచి, పిదప ఏ చెవులతో వారిని హరికథ వినుమందుము? "భక్తితో చేసితిమి" అనుట సమాధానము కాదు. భజనకును కోలాహలమునకును గల భేదము రోమకణ మెరుగదు. గంట మ్రోగవలదని కాదు, మితము తప్పరాదనియే. తలుపు లేని యింట అడుగిడువాడే మెల్లగా అడుగిడవలెను.