ఉలికిపాటు సహనలేమి అవుతుందా?

ఒక తల్లి తన కూతురి గురించి మమ్మల్ని అడిగారు. భర్త దెబ్బలు భరించలేక ఆ అమ్మాయి పుట్టింటికి వచ్చి రెండేళ్ళయింది. ఖులా కూడా అయిపోయింది. అయినా వంటింట్లో గిన్నె జారిపడితే వణికిపోతుంది. అన్న కాస్త గొంతు పెంచితే గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటుంది. ఒక్కోసారి పిల్లలపై విరుచుకుపడి, తర్వాత జానిమాజ్‌పై కూర్చుని ఏడుస్తుంది. "ఐదు పూటలా నమాజు చేస్తుంది, మరి సబ్ర్ ఏదీ?" అని బంధువులు అంటున్నారట.

ఈ ప్రశ్నలోనే పొరపాటుంది. సబ్ర్ అంటే మాటను, చేతను ధర్మం హద్దుల్లో నిలుపుకోవడం. గుండెదడ, వణుకు, కలత నిద్ర మనిషి ఎంచుకుని చేసేవి కావు. అడుగుల చప్పుడును బట్టి దెబ్బ ఎప్పుడు పడుతుందో ఏళ్ళ తరబడి అంచనా వేసుకున్న శరీరం కాపలా కాయడానికి అలవాటుపడింది. ప్రమాదం దాటిందని బుద్ధికి తెలిసినా శరీరానికి తెలియడానికి సమయం పడుతుంది. కుమారుని ఎడబాటుకు హజ్రత్ యాఖూబ్ (అలై) కళ్ళు దుఃఖంతో తెల్లబడ్డాయి. ఆయనకు సబ్ర్ లేదని ఎవరైనా అనగలరా?

ఖులా కోరడమే తొందరపాటు అనేవారూ ఉన్నారు. భర్త కొట్టాడని హబీబా బిన్తె సహల్ (రజి) తెల్లవారుజామున చీకట్లో వచ్చి తలుపు దగ్గర నిలబడితే, దైవప్రవక్త (స) ఆమెను తిప్పి పంపలేదు.

ఇక వహ్షీ ఉదంతం చూడండి. ఉహుద్ యుద్ధంలో (హి.శ. 3) హజ్రత్ హంజా (రజి)ను చంపింది ఆయనే. మక్కా విజయం తర్వాత ఆయన ముస్లిమై వచ్చినప్పుడు దైవప్రవక్త (స) ప్రతీకారం తలపెట్టలేదు. కాని తన కంటికి కనబడకుండా ఉండగలవా అని అడిగారు. మద్రసాలో ఈ హదీసు చదివిన రోజుల్లో మేము ఇక్కడ ఆగలేదు. ఇప్పుడు ఆగుతున్నాం. క్షమించడం వేరు, గాయాన్ని రేపే ముఖాన్ని ఎదుట ఉంచుకోవడం వేరు. అంతటి కారుణ్యమూర్తికే ఆ దూరం అవసరమైతే, "జరిగింది మరచిపో, ఒకసారి అతనితో కూర్చుని మాట్లాడు" అని ఆ అమ్మాయిని ఒత్తిడి చేసే హక్కు మనకెక్కడిది?

పిల్లల మాట వేరు. తాను గాయపడింది కనుక వారిపై చేయి ఎత్తడం ఒప్పు అయిపోదు. అది ఆమెకూ తెలుసు, అందుకే ఆ ఏడుపు. కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోమని, అప్పటికీ తగ్గకపోతే పడుకోమని దైవప్రవక్త (స) బోధించారు. అంటే ముందు శరీరాన్ని శాంతింపజేయమన్నారు. మానసిక వైద్యుని దగ్గరకు వెళ్ళడానికీ సంకోచం వద్దు. వైద్యం చేయించుకోమన్న ఉపదేశం ఒక్క జ్వరానికే కాదు కదా!

ఆ తల్లికి మేము చెప్పింది మాత్రం కొడుకు గురించి. చెల్లెలి గదిలోకి వెళ్ళే ముందు తలుపు తట్టి, మెల్లగా పేరు పెట్టి పిలవమని చెప్పమన్నాం.