భావింపబడును

ఇంగ్లీషులో 'డీమ్' అని ఒక క్రియ ఉంది. ఇళ్ళలోనూ బజారులోనూ దాన్ని ఎవరూ వాడరు గాని, శాసనాల్లో మాత్రం అడుగడుగునా తగులుతుంది. నిఘంటువు తీస్తే ఎంచు, తలచు, భావించు అని అర్థాలు కనిపిస్తాయి. అవి తప్పు కావు, కాని చాలవు.

ప్రాచీన ఇంగ్లీషులో దీని అర్థం తీర్పు చెప్పడం. వినాశమనే అర్థంలో నేడు వాడే 'డూమ్' దీని తోబుట్టువే. మొదట దాని అర్థమూ తీర్పే. ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో న్యాయమూర్తిని ఈనాటికీ 'డీమ్‌స్టర్' అంటారు. తీర్పన్న మాట వినాశంగా ఎలా మారిందో బోనులో నిలబడ్డవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన 'ఎంచు'లో లెక్కపెట్టడం ఉంది, తప్పు పట్టడం ఉంది. కాని ఎంచడానికి ఎదుట ఏదో ఒకటి ఉండాలి గదా. శాసనంలోని డీమ్‌కి ఆ అవసరం లేదు. లేనిది ఉన్నట్టూ, ఉన్నది లేనట్టూ లెక్కవేయమని అది ఆజ్ఞాపించగలదు.

ఇది కేవలం పాలకుల మాయ అని కొట్టిపారేయడం తొందరపాటు. 1986లో శిక్షాస్మృతిలో చేర్చిన 304-బి సెక్షను చూడండి. పెళ్ళైన ఏడేళ్ళలోపు ఒక స్త్రీ అసహజంగా మరణించి, అంతకు కొద్దికాలం ముందు కట్నం కోసం ఆమెను హింసించినట్టు రుజువైతే, ఆ మరణానికి ఆ భర్తే, ఆ బంధువులే కారకులని 'డీమ్' చేస్తారు. నాలుగు గోడల మధ్య సాక్షి ఎక్కడ దొరుకుతాడు? ఇక్కడ ఆ క్రియ చనిపోయినదాని పక్షాన నిలబడింది. 2024లో కొత్త న్యాయసంహిత వచ్చినా ఆ నిబంధన 80వ సెక్షనుగా మిగిలింది.

అదే క్రియ 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరాలోనూ ఉంది. అక్కడ పేర్కొన్న మతాలు కాక మరో మతం అవలంబించేవాడు షెడ్యూల్డు కులస్థుడుగా భావింపబడడు. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులూ ముస్లిములూ బయటే ఉండిపోయారు.

మా కాలేజీలో ఇద్దరు కుర్రవాళ్ళు, అన్నదమ్ముల బిడ్డలు. ఒకే పల్లె, ఒకే చేతిపంపు. ఊరివాళ్ళు ఇద్దరినీ ఒక్క కులం పేరుతోనే పిలుస్తారు. ఒకడి తండ్రి చర్చికి వెళతానని కాగితాల్లో నిజం రాయించాడు; ఆ కొడుకు బి.సి.-సి. రెండోవాడు ఎస్.సి. మతం మారినంత మాత్రాన కులం వదలదని మన సమాజశాస్త్రం చెబుతుంది. ఆ ఊరు చెప్పడానికి శాస్త్రం కూడా అక్కర్లేదు. వదిలిందని భావించమంటుంది ఉత్తర్వు.

మొదటివాడు ఆ పేరా కాగితం మీద రాసుకొచ్చి, తెలుగులో చెప్పమన్నాడు. "భావింపబడడు" అన్నాను. కర్మణి ప్రయోగం మన నోటికి ఎప్పుడూ ఎబ్బెట్టే. కర్త ఎవరో చెప్పందే మన వాక్యం కుదురుగా నిలవదు. వాడికీ నిలవలేదు.

"ఎవరు భావించరండీ, మాస్టారూ?"

ప్రభుత్వం అన్నాను.

"మరి ఊళ్ళోవాళ్ళు భావిస్తున్నారు గదా," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.