దత్తత ఎవరి కోసం? శునశ్శేపుని కథ, బంధువుల బిడ్డ హక్కు

తల్లిదండ్రులను పోగొట్టుకున్న బిడ్డను మేనమామో, పెదనాన్నో, పిన్నమ్మో ఇంటికి తెచ్చుకొని పెంచడాన్ని వేటపాలెం, చీరాల ప్రాంతపు చేనేత ఇళ్ళలోనూ, ఆ చుట్టుపక్కల పత్తి, మిరప పండే పల్లెలలోనూ చుట్టరికంలోనే ఇమిడి ఉన్న బాధ్యతగా భావిస్తారు. అయితే అలా పెరిగిన బిడ్డ ఆ ఇంటి సంతానమవుతాడా, ఆశ్రయం పొందిన బంధువుగానే మిగిలిపోతాడా అన్న ప్రశ్నకు పెంపకం ఒక్కటే సమాధానం చెప్పలేదు. దానికి సమాధానం దొరకాలంటే దత్తత ఎవరి ప్రయోజనం కోసం ఏర్పడిందో ముందుగా విచారించాలి.

ధర్మశాస్త్రం ప్రధానంగా పితరుల వైపు నుంచి సమాధానం చెప్పింది. మనుస్మృతి పేర్కొన్న పన్నెండు విధాల పుత్రులలో దత్తపుత్రుడు ఒకడు. పిండప్రదానం ఆగకుండా, వంశనామం అంతరించకుండా చూడడం అతని వల్ల కలిగే ప్రయోజనం. ఏకైక పుత్రుణ్ణి ఇవ్వరాదు, పుచ్చుకోరాదు అన్న వసిష్ఠుని నియమం కూడా కన్నవారి వంశం నిలవాలన్న ఆలోచన నుంచి పుట్టినదే. ఆ నియమం నైతిక ఉపదేశమే తప్ప దాన్ని దాటినంత మాత్రాన దత్తత చెల్లకుండా పోదని బలుసు అనే తెలుగు కుటుంబపు వివాదంలో 1899లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. దత్తక మీమాంస రచించిన నంద పండితుడు సపిండులలో, అంటే దగ్గరి రక్తబంధువులలో, బిడ్డ దొరికితే బయటివారిని తీసుకోరాదన్నాడు; అయితే దత్తుడిలో పుత్రచ్ఛాయ, అంటే సొంత కొడుకు పోలిక, ఉండాలన్న కారణంతో అక్కచెల్లెళ్ళ కొడుకునూ కూతురి కొడుకునూ ద్విజులకు నిషేధించాడు. దక్షిణాది ఆచారం ఈ నిషేధాన్ని పాటించలేదు, మద్రాసు హైకోర్టు 19వ శతాబ్దంలోనే ఆ ఆచారాన్ని ఆమోదించింది.

వైదిక సాహిత్యంలోని ఒక ప్రాచీన కథ మాత్రం ఈ ప్రశ్నను బిడ్డ వైపు నుంచి చూసింది. ఐతరేయ బ్రాహ్మణం ప్రకారం అజీగర్తుడు తన కొడుకు శునశ్శేపుణ్ణి నూరు ఆవులకు యజ్ఞపశువుగా అమ్మి, యూపానికి, అంటే యజ్ఞస్తంభానికి, కట్టడానికి మరో నూరు, వధించడానికి మరో నూరు తీసుకున్నాడు. దేవతల దయతో బాలుడు విడుదలైన తరువాత ఆ తండ్రి తిరిగి రమ్మని పిలిచినా అతడు వెళ్ళక విశ్వామిత్రుణ్ణి ఆశ్రయించాడు. విశ్వామిత్రుడు అతనికి దేవరాతుడని పేరుపెట్టి తన కొడుకులందరిలో జ్యేష్ఠుని స్థానం ఇచ్చాడు. వాల్మీకి రామాయణపు బాలకాండ ఈ కథనే మరో విధంగా చెబుతూ విశ్వామిత్రుణ్ణి ఆ బాలుని మేనమామగా చూపుతుంది. కన్నవారు వదిలిన బిడ్డకు మేనమామ అండగా నిలవడం, ఎవరి దగ్గర ఉండాలో బిడ్డ తానే ఎంచుకోవడం, ఈ రెండు కథనాలను కలిపి చదివినప్పుడు స్పష్టంగా కనిపించే విషయాలు.

ఈ కథకు తెలుగువారితో మరో సంబంధం ఉంది. దేవరాతుని అన్నగా అంగీకరించని యాభైమంది కొడుకులను విశ్వామిత్రుడు శపించగా వారి సంతతి ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అయ్యారని ఐతరేయం చెబుతుంది. ఆంధ్రుల పేరు కనిపించే అతి ప్రాచీన ప్రస్తావనలలో ఇది ఒకటని చరిత్రకారులు తరచూ ఉదహరిస్తారు. ఇంటికి వచ్చిన బిడ్డకు సమాన స్థానం నిరాకరించిన సందర్భంలో ఆ పేరు వచ్చిందన్న సంగతి మాత్రం అంతగా చర్చకు రాదు. దత్తత తీసుకునే దంపతులు ఒప్పుకుంటే సరిపోదని, ఆ ఇంట్లో ముందు నుంచి ఉన్న పిల్లలు కూడా వచ్చిన బిడ్డను తోడబుట్టినవాడిగా స్వీకరించాలని ఈ కథ బోధిస్తుంది.

ఇక మిగిలిన చిక్కు చనిపోయిన తల్లిదండ్రులకు సంబంధించినది. దత్తుడు జనకుని గోత్రాన్నీ రిక్థాన్నీ, అంటే ఆస్తినీ, పొందడని, ఆ రెండింటితోపాటు పిండమూ తొలగిపోతుందని మనువు చెప్పాడు. ఈ కాఠిన్యాన్ని తగ్గించే మార్గాలు సంప్రదాయంలోనే ఉన్నాయి: ఇద్దరు తండ్రులకూ కర్మ చేసే పుత్రుణ్ణి ద్వ్యాముష్యాయణుడు అన్నారు, మహాలయ పక్షంలో మేనమామ, గురువు, మిత్రుడు వంటి వారికి సైతం కారుణ్య పితరులుగా తర్పణం విడుస్తారు. కోస్తా జిల్లాల రైతు కుటుంబాలలోని ఇల్లరికపు ఆచారంలో అల్లుడు అత్తవారి ఆస్తిలో వాటా పొందినా పుట్టింటి హక్కు పోగొట్టుకోడు. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం పుట్టింటి బంధాలను చట్టరీత్యా తెంచినా, దత్తతకు ముందే బిడ్డకు సంక్రమించిన ఆస్తి బిడ్డదేనని 12వ సెక్షన్‌లో స్పష్టం చేసింది. అందువల్ల అనాథ బిడ్డ ఇంటినో పొలాన్నో ఆశించి చేసే దత్తతకు ధర్మంలోనూ చట్టంలోనూ ఆధారం లేదు.

1956 నాటి ఆ చట్టం, సంరక్షకుడు బిడ్డను దత్తత ఇచ్చేటప్పుడు మాత్రమే కోర్టు బిడ్డ కోరికను గమనించాలంటుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం మతంతో నిమిత్తం లేకుండా బంధువుల మధ్య దత్తతకు వీలు కల్పించింది. తండ్రి వైపు, తల్లి వైపు ఉన్న మామలు, అత్తలు, బాబాయిలు, పిన్నులు, తాతలు, అమ్మమ్మ నాయనమ్మలు ఆ చట్టం దృష్టిలో బంధువులు. 2022 దత్తత నిబంధనల ప్రకారం, దత్తతల కోసం ఏర్పాటైన కేరింగ్స్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కన్నవారి సమ్మతి, వారు లేనప్పుడు జిల్లా బాలల సంక్షేమ కమిటీ అనుమతి ఉండాలి. అయిదేళ్ళు నిండిన బిడ్డ సమ్మతి కూడా తప్పనిసరి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుల నుంచి జిల్లా మేజిస్ట్రేటుకు మారింది కనుక, 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాలో చేరిన వేటపాలెం కుటుంబాలకు ఆ ఉత్తర్వు బాపట్ల కలెక్టరు నుంచి రావాలి.

పితరుల తృప్తి దత్తతకు ఫలం కావచ్చు గాని, బిడ్డ క్షేమమూ బిడ్డ ఇష్టమూ దానికి మూలం కావాలి. కనుక బంధువుల బిడ్డను పెంచుతున్న పెద్దలు ఆ బిడ్డను అడిగి, ఒప్పుకుంటే చట్టప్రకారం తమ సంతానంగా చేసుకోవాలి. కన్నవారి పేర్లను దాచకుండా చెప్పాలి, వారి తిథినాడు వారిని తలచుకోనివ్వాలి. ఆ బిడ్డకు ఇంట్లో ఇచ్చే స్థానం మిగిలిన పిల్లల స్థానం కన్నా ఒక్క మెట్టు కూడా తక్కువ కాకూడదు.