అలసిన బిడ్డకు మొదట రొట్టె

2020 మార్చిలో కోవిడ్ తెగులు వలన బడులు మూయబడెను. తెలంగాణలో సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌ల ద్వారా పాఠములు వచ్చినవి. మన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు స్నేహితులు లేక, సందేహము అడుగుటకు గురువు ఎదుట లేక, తెర ముందు ఒంటరిగా కూర్చుండిరి. వారు మౌనముగా నుండగా, సోమరులని మనము గద్దించితిమి.

1 రాజులు 19వ అధ్యాయమును చూడుడి. ఏలీయా ప్రాణము విసిగి బదరీవృక్షము క్రింద పడియుండగా దేవుడు గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, దూతచేత రెండు మారులు లేపించి భోజనము పెట్టించెను. ప్రశ్న తరువాతనే వచ్చెను.

కాబట్టి ఇకమీదట తుఫాను వలననో తెగులు వలననో పాఠము ఇంటికే వచ్చినపుడు, "ఎంత చదివితివి?" అనుటకు ముందు "తింటివా? నిద్రపట్టినదా?" అని అడుగుదము. మనకు చదువు రాకపోయినను బిడ్డ ప్రక్కన కూర్చుండగలము గదా. అట్టి ఓర్పు ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమేన్.