ఆపత్కాలమందు బంధువెవడు?

ధ్యానభాగము: లూకా 10:25–37



వాన ఆగక కురిసి, మట్టిగోడ నాని, ఇంటి దూలము కదలుట మొదలైనప్పుడు మనిషి మనస్సునకు మొదట తట్టునది చుట్టముల ఇల్లే. అన్న ఇంటికి పోదమా, మేనమామ ఇంటికి పోదమా అని భార్యాభర్తలు ఆ చీకటిలోనే ఆలోచించుకొందురు. పిల్లలను చంకనెత్తుకొని, బియ్యపు మూట నెత్తిన పెట్టుకొని ఆ గడప తొక్కినప్పుడు ఎందుకు వచ్చితిరని అడుగువారుండరు. పొయ్యి రాజుకొనును, పొడి బట్టలు బయటికి వచ్చును, చాపలు పరచబడును. ఈ దయ మన పల్లెలలో ఎంత సహజమైన దనగా, దానికి దయ అని పేరు కూడ మనము పెట్టము.

అయితే ఇందులో ఒక ప్రశ్న కలదు. తమవారిని ప్రేమించుట సుంకరులు సహితము ఎరిగిన పనియేనని ప్రభువు కొండమీది ప్రసంగములో బోధించెను (మత్తయి 5:46). పౌలు తిమోతికి వ్రాయుచు, సొంత ఇంటివారి బాగోగులు చూడనివాని స్థితి విశ్వాసము లేనివాని స్థితికంటె హీనమని హెచ్చరించెను (1 తిమోతి 5:8). ఒక మాట విన్నప్పుడు చుట్టములయెడల చూపు దయ అల్పమైనదిగా తోచును. రెండవ మాట విన్నప్పుడు అదే మొదటి ధర్మముగా తోచును. ఈ రెండు మాటలు ఒకే హృదయములో ఎట్లు నిలుచును? ఈ నెల దీనిని ఆలోచింతము.

మన ప్రాంతపు నదినే తీసికొందము. మూసీ నది అనంతగిరి కొండలలో పుట్టి తూర్పుగా పారి హైదరాబాదు నగరమును చేరును. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల పొలములమీద పడిన వాన మూసీలోనో ఈసీలోనో కలియును. 1908 సెప్టెంబరులో ఆ నీరే నగరమును ముంచెను. ఆనాడు మనకు సమీపమందున్న శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెనని ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వ్రాసియున్నారు. మూసీ పరివాహక ప్రాంతమందలి 788 చెరువులలో 221 చెరువులు తెగిపోయెను. పై చెరువు తెగిన నీరు క్రింది చెరువుమీద పడి, దానిని తెంచుకొని మరియొకదానిమీద పడెను. సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరములో సుమారు 15,000 మందిని పొట్టన పెట్టుకొనెనని అంచనా. ఇట్టిది మరల జరుగకుండుటకే విశ్వేశ్వరయ్యగారి సలహాపై గండిపేట చెరువు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను.

ఆ వరదలో అఫ్జల్‌గంజియందలి ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రదికిరి. ఆ చెట్టు నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. క్రింద నీరు సుడులు తిరుగుచుండగా ఆ కొమ్మలమీద చేరినవారిలో ఎవరు ఎవరికి చుట్టము? నీది ఏ కులము, ఏ మతము అని విచారించిన తరువాత చేయి అందించుటకు అక్కడ సమయము లేదు. ఆనాటి నిజాము మీర్ మహబూబ్ అలీఖాను తన భవనపు ద్వారములు నిరాశ్రయులకు తెరపించెను. సరోజినీ నాయుడుగారు బాధితుల సేవకు పూనుకొనిరి.

ఆ వరదలోనే అమ్జద్ హైదరాబాదీ అను ఉర్దూ కవి తన తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయెను. ముగ్గురిని నీరు తీసికొనిపోగా తాను మాత్రము మిగిలెను. ఇట్టి మనిషికి, నీ వారి ఇంటికి పోయి తల దాచుకొనుమని ఎవరు చెప్పగలరు? అతని వారే లేరు.

యోబు గ్రంథమునందును ఇదే సంగతి కనబడును. యోబు కుమారులును కుమార్తెలును పెద్దన్న ఇంట కూడి భోజనము చేయుచుండగా అరణ్యమునుండి పెనుగాలి వచ్చి ఆ ఇంటి నాలుగు మూలలను కొట్టెను. అందరు ఒక్కమారే మరణించిరి (యోబు 1:18, 19). అన్నదమ్ములు ఒకరి ఇంట ఒకరు భుజించుట మంచి సంగతి. అయినను ఒకే కప్పు క్రింద కూడినవారిమీద ఆ కప్పు కూలినప్పుడు ఒకరినొకరు రక్షించుకొనలేకపోయిరి.

ఇక్కడ మనము గ్రహింపవలసినది కలదు. జ్వరము వచ్చినను, పెండ్లి ఖర్చు మీదపడినను, ఎద్దు చచ్చినను ఒక ఇల్లు కష్టములో నుండగా తక్కిన చుట్టముల ఇండ్లు నిలిచియుండును. వరదయు తుపానును అట్లు కాదు. చుట్టములు ఒకే ఊరిలో, ఒకే వాడలో, ఒకే చెరువు క్రింద కాపురముందురు. నీరు వచ్చినప్పుడు అన్న ఇంటికిని తమ్ముని ఇంటికిని కలిపి వచ్చును. బంధువుల దయ ఆ వేళ చాలకపోవుటకు వారి మనస్సు చిన్నదగుట కారణము కాదు. వారును అదే నీటిలో నున్నారు.

దూరమందున్న సహోదరునికంటె దగ్గరనున్న పొరుగువాడు అక్కరకు వచ్చునని సామెతల గ్రంథకర్త నేర్పుచున్నాడు (27:10). అనుదిన జీవితములో ఇది నిజము. అయితే 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమలో ఏమి జరిగెను? సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రపు ఉప్పెన లేచి ఊళ్లకు ఊళ్లను తుడిచివేసెను. ప్రభుత్వ లెక్కలనుబట్టియే సుమారు 10,000 మంది చనిపోయిరి. ఆ రాత్రి సహోదరుడును, పొరుగువాడును, స్నేహితుడును ఒక్కటిగా మునిగిరి. బ్రదికినవారికి అన్నము, బట్ట, మందు దూరమునుండియే రావలసివచ్చెను. సినిమా నటులు రామారావుగారు, నాగేశ్వరరావుగారు ఊరూర తిరిగి విరాళములు పోగుచేసిరి. మదర్ థెరీసా అక్కడికి వచ్చెను. క్రైస్తవ సంఘముల సేవాసంస్థయైన కాసా తీరప్రాంతములో తుపాను ఆశ్రయ గృహములు కట్టించెను. దివిసీమ పేరు అంతకుముందు విననివారు సహితము ఆనాడు ఆ జనులకు బంధువులైరి.

ఆది సంఘమునందు ఇట్టిదే జరిగెను. గొప్ప కరవు రానున్నదని విన్న అంతియొకయలోని శిష్యులు, ఎవరి శక్తికొలది వారు పోగుచేసి, యూదయలోని సహోదరులకు బర్నబా సౌలుల చేత పంపిరి (అపొస్తలుల కార్యములు 11:28–30). ఇచ్చినవారిలో అనేకులు యెరూషలేమును కన్నులార చూచినవారు కారు. కరవు తీవ్రమై ఆర్తనాదములు వినబడువరకును వారు కనిపెట్టలేదు.

అట్లయిన చుట్టముల దయ తక్కువదా? కాదు. మంచి సమరయుడు దారిలో పడియున్నవానికి ఏమి చేసెనో గమనించుడి. గాయములకు నూనె ద్రాక్షారసము పోసి కట్టెను, తన వాహనముమీద ఎక్కించెను, రాత్రియంతయు దగ్గరనుండెను, మరునాటి ఖర్చునకు డబ్బిచ్చెను. ఇవన్నియు బిడ్డకు తల్లి చేయు పనులు, తమ్మునికి అన్న చేయు పనులు. ఇట్టి పనులు చేతికి వచ్చుట ఇంటిలోనే. చిన్ననాడు జ్వరముతో పడియున్నప్పుడు తన నుదుట ఒక చేయి పడనివానికి, ఇతరుల నుదుట చేయి వేయుట ఎట్లు తెలియును? కావున ఇల్లు దయకు పాఠశాల. పౌలు చెప్పినది ఆ పాఠశాల మానవద్దని. ప్రభువు చెప్పినది నేర్చిన పాఠమును ఆ నాలుగు గోడలలోనే విడువవద్దని. ఇంటివారికి ఎట్లు చేయుదుమో, అదే కొలతతో పరునికిని చేయవలెను. రెండు మాటలు ఒకే హృదయములో నిలుచుట ఈ విధముగానే.

మరియొక సంగతి. దయకు పరీక్ష మొదటి రాత్రి రాదు. దినములు గడచిన తరువాత వచ్చును. మొదటి దినము అందరి కన్నులు చెమర్చును. పదియవ దినమునకు గిన్నెల చప్పుడు పెరుగును, బియ్యపు డబ్బా మూత గట్టిగా పడును. తల దాచుకొన వచ్చిన ఆడుబిడ్డకు ఆ చప్పుడు వినబడదనుకొనవద్దు. ఓడ పగిలి 276 మంది మెలితే ద్వీపమున చేరినప్పుడు, ఆ ద్వీపవాసులు వానలో చలిమంట వేసి చేర్చుకొనిరి. పొప్లి మూడు దినములు వారికి ఆతిథ్యమిచ్చెను. అంతటితో ఆ ఊరి దయ ముగియలేదు. మూడు నెలల తరువాత ఓడ ఎక్కునప్పుడు సహితము కావలసినవి తెచ్చి ఓడలో ఉంచిరి (అపొస్తలుల కార్యములు 28).

నోటి విషయమందును జాగ్రత్త అవసరము. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలమీద కూర్చుండి మౌనముగా నున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచి, నీ పాపమే దీనికి కారణమని తర్కించుట మొదలుపెట్టగానే వారి రాక అతనికి మరియొక గాయమయ్యెను. సిలోయము గోపురము కూలి చచ్చిన 18 మంది తక్కినవారికంటె ఎక్కువ పాపులని తలంచువారిని ప్రభువు సరిదిద్దెను (లూకా 13:4). ఇల్లు కూలినవానికి అన్నము పెట్టుచు నింద కూడ వడ్డింపవద్దు.

ప్రియులారా, ఇవి పాత సంగతులు మాత్రమే కావు. 2020 అక్టోబరులో హైదరాబాదులో వానలు కురిసి పళ్లెచెరువు, గుఱ్ఱంచెరువు కట్టలు తెగినప్పుడు ఇండ్లలోనికి నీరు వచ్చెను. గండిపేట, హిమాయత్‌సాగరు ఉన్నను, తెగిన ప్రతి చెరువు నీటిని అవి ఆపలేవు. మన ప్రాంతములోను వానకాలము ప్రతి యేట వచ్చును.

కావున వాన రాకముందే ఒక పని చేయుదము. సంఘములోని పెద్దలు, స్త్రీల సమాజమువారు, యౌవనులు కలిసి ఊరంతయు ఒకమారు తిరిగి చూడవలెను. ఏ ఇంటికి చుట్టములు లేరు? కుమారులు పట్టణములకు పోగా ఒంటరిగా మిగిలిన ముసలితల్లి ఎవరు? ఇటుకబట్టీలయొద్ద, తోటలలో, కట్టడములయొద్ద రేకుల గుడిసెలలో నుండు ఒడిశా, బీహారు కూలివారున్నారా? వారి అన్నదమ్ములు వందల మైళ్ల దూరమున నున్నారు. వారి భాష మనకు రాదు, మన భాష వారికి రాదు. నడిరాత్రి నీరు వచ్చినప్పుడు వారికి తట్టుటకు తలుపు లేదు. ఎవరిది గట్టి మిద్దె, ఆ మిద్దెమీదికి ఎవరిని ఎవరు పిలుచుకొని రావలెను అని ముందే పేరుపేరున అనుకొందము. ఆ పిలుపు ఎండ కాయుచున్నప్పుడే వారికి తెలియజేసి రావలెను. ఆపదలో నా తలుపు తట్టవచ్చునని ఎవరికి ముందుగా చెప్పితిమో, వారికి మనము బంధువులమైతిమి.

నా పొరుగువాడు ఎవడు అని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగెను. ప్రభువు అతనికి పొరుగువారి పట్టిక ఇయ్యలేదు. ఆ ముగ్గురిలో ఎవడు పొరుగువాడాయెనని అతనినే తిరిగి అడిగెను. వానకాలము వచ్చుచున్నది. ఆ ప్రశ్న మన వాకిటనే నిలిచియున్నది.