ఈ రాళ్ళేమిటి తాతా?



యిస్రాయేలీయులు యోర్దాను నదిని దాటినప్పుడు యెహోషువ ఏమి చేయించాడో గుర్తున్నదా? నది నడుమ నుండి పన్నెండు రాళ్ళు తెప్పించి గిల్గాలులో నిలబెట్టించాడు. రేపు పిల్లలు వచ్చి ఈ రాళ్ళేమిటని అడిగితే పెద్దలు జవాబు చెప్పాలి గనుక (యెహోషువ 4వ అధ్యాయం). రాయి తనంతట తాను మాట్లాడదు. అడిగే బిడ్డ, చెప్పే పెద్ద ఇద్దరూ ఉంటేనే అది సాక్ష్యమవుతుంది.

రాళ్ళ మాట వస్తే తాండూరు గుర్తుకు రాక మానదు. తాండూరు బండల మీద నడవనివారు మనలో ఎందరుంటారు? వికారాబాదు జిల్లా కరణ్‌కోటలో సున్నపురాయిని ఆధారం చేసుకొనే సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఫ్యాక్టరీ వెలసింది. ఆ చుట్టుపక్కల నేల కందికి కూడా పేరు పొందినదే. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఎన్ని టన్నుల రాయి తీశారో లెక్కల పుస్తకాలు చెబుతాయి. తీసిన చేతులు ఎవరివి? ఫ్యాక్టరీ రాకముందు ఊరు ఎలా ఉండేది? ఏ బావి నీళ్ళు తాగారు? ఏ పాట పాడుకుంటూ కంది కోశారు? ఇవి తాతల, అవ్వల గుండెల్లో ఉన్నాయి. మనం అడగకపోతే వారితోపాటే మట్టిలో కలుస్తాయి.

పోగొట్టుకున్న జ్ఞాపకాన్ని తిరిగి సంపాదించుకోవడం ఎలాగో చాలా దూరాన ఉన్న ఒక ప్రజ మనకు చూపింది. కెనడా ఉత్తరాన మంచు ప్రాంతంలో నివసించే ఇనూయిట్లకు 1940ల నుండి ప్రభుత్వం సంఖ్యలు కేటాయించింది. సంఖ్య వేసిన బిళ్ళను మెడలో వేసుకోవలసి వచ్చేది. బయటివారు తీసిన వారి ఫొటోలు ఎన్నో పేర్లు లేకుండానే ప్రభుత్వ భాండాగారానికి చేరాయి. 2002లో 'ప్రాజెక్ట్ నేమింగ్' అనే కార్యక్రమం మొదలైంది. ఇనూయిట్ విద్యార్థులు ఆ ఫొటోలను కంప్యూటరులో పెట్టుకొని వృద్ధుల దగ్గరికి వెళ్ళి, వీరెవరని అడిగారు. వృద్ధులు గుర్తుపట్టి పేర్లు చెప్పారు. పేరు వెంట చుట్టరికం, చుట్టరికం వెంట కథ కదలివచ్చాయి. ప్రతి ఒక్కరినీ పేరుపెట్టి పిలిచే దేవుని బిడ్డలం మనం. ఆ పని ఎంత పవిత్రమైనదో మనకు వేరే చెప్పాలా?

ఇందులో మనం తల వంచుకోవలసిన భాగమూ ఉన్నది. కెనడాలో లక్షన్నరకు పైగా ఆదివాసీ బిడ్డలను ఇళ్ళ నుండి తెచ్చి వసతి పాఠశాలల్లో ఉంచారు. మాతృభాష మాట్లాడితే శిక్షించారు. వాటిలో అనేకం మన తిరుసభకు చెందినవారే నడిపారు. 2022 జులై 29న ఇకాలుయిట్‌లో పోప్ ఫ్రాన్సిస్‌గారు ఆ బాధితులను కలుసుకొని, క్షమాపణ వేడుకొని, యువతతోను వృద్ధులతోను ఒకేచోట మాట్లాడారు.

మరి మన సంగతి? హాస్టలు నుండి సెలవులకు వచ్చిన బిడ్డ నాయనమ్మ యాసను విని నవ్వితే, తప్పు ఆ బిడ్డ ఒక్కరిదేనా? ఆ యాసను ముందుగా చిన్నచూపు చూసింది మనం కాదా? తల్లిదండ్రులను గౌరవించమనే నాల్గవ ఆజ్ఞ వారికి అన్నం పెట్టడంతో తీరిపోతుందా?

పెద్దలారా, మీరు కూడా దాచకండి. పడిన ఆకలి, చేసిన వెట్టి, పొందిన అవమానం చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. యిస్రాయేలీయులు ఐగుప్తు బానిసత్వాన్ని దాచలేదు. ప్రతి పాస్కా రాత్రి బిడ్డలకు చెప్పారు. బానిసత్వం దాచితే విడుదల కథ ఎలా చెప్పగలరు? మీ కష్టం వినని బిడ్డకు, తనను దేవుడు ఎక్కడి నుండి నడిపించుకొని వచ్చాడో తెలియదు.

యువతీయువకులారా, ఈ ఆదివారం పూజ ముగిశాక ఇంట్లోని పాత పెట్టె తెరవండి. ఫొటోలు తీసి తాత, అవ్వల పక్కన కూర్చోండి. తొందరపెట్టకండి. చెప్పిన మాటనే మళ్ళీ చెప్పినా వినండి. ప్రతి ఫొటో వెనుక పేర్లు, ఊరు రాయండి. ఇంట్లో పెద్దలు లేనివారు పొరుగింటి పెద్దల దగ్గరికి వెళ్ళండి. అక్కడ మీ కోసం ఎదురుచూసేవారు ఎవరూ లేరనుకోకండి.

ఇంటి గడపలోని బండను చూసి మీ మనుమడు రేపు ప్రశ్న వేస్తాడు. జవాబు చెప్పగలిగే కృపను ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమెన్.